దూడకు చెప్పిన దగ్గుమందు

అప్పలసూరి ఇంట్లో మామా కోడలూ ఎదురుపడి మాట్లాడుకోరు. తగువేమీ లేదు, మర్యాదంతే. ఆ వంశంలో కోడలు మామగారి ముందు గొంతెత్తకూడదు, ఆయన వస్తుంటే గుమ్మం వెనక్కి తప్పుకోవాలి, ఏదైనా చెప్పుకోవాలంటే అత్తగారి చెవిన వెయ్యాలి. ఈ కట్టుబాటు పెట్టినవాళ్ళు ఎప్పుడో మట్టిలో కలిసిపోయారు గాని, అది మాత్రం నిక్షేపంగా ఉంది. యమున కాపురానికొచ్చి పదకొండేళ్ళు. తొమ్మిదేళ్ళపాటు అత్త నీలవేణి ఇద్దరి మధ్యా మాటలు మోసింది కాబట్టి బండి నడిచింది. ఆవిడ పోయాక మోసేవాళ్ళు లేకపోయారు. యమున మొగుడు నరేష్ పైడిభీమవరం వైపు మందుల కంపెనీలో పని చేస్తాడు, ఆదివారానికి ఆదివారం వస్తాడు. ఒక్కగానొక్క కూతురు గురుకులం హాస్టల్లో ఉంది.

ఇక ఇంట్లో మిగిలిన మూడో ప్రాణి వాకిట్లో కట్టేసిన పెయ్యదూడ గవరి. మర్యాద బరువంతా దాని మీద పడింది. యమున గంజిగిన్నె అరుగు మీద పెట్టి, గవరి వైపు తిరిగి, గంజి చల్లారిపోతుందని చెప్పేది. ముసలాయన అప్పలసూరి తాగి, గవరి మెడ నిమురుతూ, ఉప్పు తక్కువైందని చెప్పేవాడు. దూడ ఇద్దరి మాటలూ విని చెవులు ఆడించేది. ఊళ్ళోవాళ్ళు నవ్వుకునేవాళ్ళు. నవ్వితే నవ్వారు, రెండేళ్ళు అలాగే వెళ్ళిపోయింది. గంజికీ ఉప్పుకీ దూడ సరిపోయింది. మందు దగ్గరికొచ్చేసరికే పీకల మీదికొచ్చింది.

ఆ ఏడు నూర్పుల్లో ముసలాయన కళ్ళంలో కూర్చోకుండా ఉండలేకపోయాడు. డెబ్బై రెండేళ్ళ మనిషి, కుర్చీ వేసి కూర్చోబెడితే లేచి గడ్డి దులుపుతాడు. ఆ దుమ్మూ, తెల్లవారుజామున మంచూ కలిసి దగ్గు పట్టుకుంది. దగ్గంటే మామూలు దగ్గు కాదు, పక్కింట్లో కుక్క లేచి మొరిగేంత. సోమవారం నాడు యమున పాతపట్నం వెళ్ళి మందులషాపులో దగ్గుమందు అడిగింది. షాపాయన మంచివాడే. ఎవరికని అడిగాడు, వయసెంతని అడిగాడు, బీపీ, సుగరు ఉన్నాయా అని అడిగాడు. ఒంటేలుకి ఏమైనా ఇబ్బంది ఉందా అని కూడా అడిగాడు.

ఇక్కడే యమున నోరు పడిపోయింది. ఇబ్బంది ఉందని ఆమెకి తెలుసు. నాలుగైదేళ్ళుగా ముసలాయన రాత్రికి నాలుగుసార్లు వీధి తలుపు గడియ తీసి బయటికెళ్తాడు. ఆ గడియ చప్పుడు నిద్రలో కూడా ఆమె చెవిన పడుతూనే ఉంటుంది. కానీ షాపులో నలుగురు మగవాళ్ళు నిలబడి ఉండగా, మామగారి ఒంటేలు సంగతి కోడలు ఎలా చెప్తుంది? తల దించుకుని ఏమీ లేదండీ అంది. ఆయన సీసా ఇచ్చాడు. పైన బోర్లించి ఉన్న బుల్లి మూతలో మొదటి గీత వరకు, మూడుపూటలా అన్నాడు. నిద్రొస్తుంది, నోరెండుతుంది, తేడా అనిపిస్తే ఆపేసి డాక్టరుకి చూపించమన్నాడు.

ఇంటికొచ్చి సీసా అరుగు మీద పెట్టింది. గవరికి చెప్పింది: "గవరీ, దగ్గుకి మందు తెచ్చినాను. మూడుపూటలా తాగాలంట."

అంతే చెప్పింది. గీత సంగతి చెప్పలేదు, తేడా వస్తే ఆపమన్న సంగతీ చెప్పలేదు. ముసలాయన అప్పటికే లేచి కండువా దులుపుకుంటున్నాడు. ఆయన లేచాక కోడలు ఇంకా మాట్లాడుతూ నిలబడితే బాగుండదని లోపలికి వెళ్ళిపోయింది.

మంగళవారం దగ్గు తగ్గింది. బుధవారం ముసలాయన పగలంతా నిద్రపోయాడు. బుధవారం రాత్రి గడియ చప్పుడు ఒక్కసారి కూడా వినపడలేదు. పాపం, మందు పనిచేసి హాయిగా పడుకున్నాడని యమున సంతోషపడింది.

గురువారం పొద్దున్న ముసలాయన మొహం ఎర్రగా కందిపోయి ఉంది. పెదాలు పొట్టు రేగాయి. మాట్లాడబోతే నాలుక అంగిటికి అంటుకుంటోంది. చూడగానే వేడి చేసిందనుకుంది యమున. మనవాళ్ళకి నోరెండినా వేడే, కళ్ళు మండినా వేడే. ఎదురింటి ఆవిడ కూడా వేడేనంది. యమున కొబ్బరిబొండాలు మూడు కొట్టించి అరుగు మీద పెట్టింది. మజ్జిగ చిలికి పెట్టింది. సబ్జాగింజలు నానబెట్టి పెద్ద చెంబుడు పెట్టింది. నోరెండిపోతున్న మనిషి పెట్టినదల్లా తాగేశాడు.

తాగి లేచాడు. గడ్డివాము వెనక్కి వెళ్ళాడు. చాలాసేపటికి వచ్చాడు. మళ్ళీ వెళ్ళాడు. ముందుకి వంగి, ఒక చెయ్యి పొత్తికడుపు మీద పెట్టుకుని నడుస్తున్నాడు. యమునకి కనిపిస్తూనే ఉంది. కానీ మామగారు వాము వెనక్కి వెళ్తుంటే కోడలు ఆ వైపు చూడకూడదు. చూపు తిప్పుకుని అంట్లు తోముకుంది. అదొక మర్యాద.

తొమ్మిదిన్నర అయ్యేసరికి ముసలాయన అరుగు మీద కూర్చుని గాలిలోంచి దారాలు లాగుతున్నట్టు వేళ్ళు ఆడించడం మొదలుపెట్టాడు. లేని దారం లాగి, చుట్టి, పక్కన పెడుతున్నాడు. యమున గుమ్మం వెనకనుంచి చూస్తోంది. ఆయన తల తిప్పి సరిగ్గా ఆమె వైపే చూసి అన్నాడు: "నీలేణీ, ఆ గుంటలు కళ్ళంలో గింజలు ఒలకబోస్తన్నారే. అదిలించవేటి?"

కళ్ళంలో పిల్లలెవరూ లేరు. నీలవేణి పోయి రెండేళ్ళు. యమునకి పై ప్రాణాలు పైనే పోయాయి.

నరేష్‌కి ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. షిఫ్టులో ఉంటే ఫోను గేటు దగ్గర పెట్టెలో పెట్టెయ్యాలి, రెండు గంటలకి గాని చేతికి రాదు. ఈలోగా పక్క వాటాలో ఉండే జగన్నాధం వచ్చాడు. ఈయన అప్పలసూరి తమ్ముడు, యమునకి చినమావ. మనిషి చెడ్డవాడేమీ కాదు. అన్నకి జ్వరమొస్తే తను పస్తుంటాడు. కానీ ఏ విషయమైనా మొదటి చూపులోనే తేల్చేస్తాడు, తేల్చాక బ్రహ్మ దిగొచ్చినా మార్చుకోడు. అన్నని చూశాడు, చచ్చిపోయిన వదినతో మాట్లాడటం విన్నాడు, గాలి సోకిందని తేల్చేశాడు. మిట్టమధ్యాహ్నం ఒంటరిగా కళ్ళంలో పడుకుంటే సోకదా మరి అన్నాడు. పక్క ఊళ్ళో మంత్రం వేసే అతని దగ్గరికి తీసుకెళ్ళాలి, ఎల్లాజీ ఆటోకి అప్పటికే కబురు పంపాడు.

పంపి, గుమ్మం వైపు చూడకుండా, ఊరంతా వినేటట్టు అడిగాడు: "ఇంతకీ ఈ ఇంట్లో మా అన్నకి ఏటి పెట్టినారు?"

యమున చూపు అరుగు మీద సీసా మీద పడింది. సోమవారం తెచ్చిన సీసా. గీత లెక్కన తాగితే ఇప్పటికి మూడింట రెండొంతులు ఉండాలి. అడుగున వేలి మందం మిగిలింది. మందు మనిషి లోపలికెళ్ళింది, మనిషి ఇలా అయ్యాడు. తెచ్చిందెవరు? షాపులో అడిగితే లేదని అబద్ధం చెప్పిందెవరు? రేపొద్దున్న ముసలాయనకి ఏదైనా అయితే, కోడలు ఏదో తాగించి చంపేసిందని ఊరు ఊరంతా అంటుంది. కుండ మూతికి మూకుడుంది గాని ఊరి నోటికి ఏం పెడతాం? నరేష్ మాత్రం ఏమనుకుంటాడు? ఇన్ని ఆలోచనలు ఒక్క క్షణంలో వచ్చాయి. ఆమె ఆలోచిస్తుండగానే చెయ్యి తన పని తను చేసుకుపోయింది. సీసా తీసి కొంగులో చుట్టి బొడ్లో దోపుకుంది.

ఎల్లాజీ ఆటో వచ్చింది. జగన్నాధం, ఎల్లాజీ చెరో రెక్కా పట్టుకుని ముసలాయన్ని లేపారు. లేవగానే ఆయన నోట్లోంచి ఒక మూలుగు వచ్చింది. దెబ్బ తగిలిన మనిషి మూలుగులా లేదు, లోపలినుంచి ఏదో తోసుకొస్తున్నట్టు ఉంది. పంచె మీద నుంచే పొత్తికడుపు ఎత్తుగా కనిపిస్తోంది. అది గాలి కాదు, దెయ్యం అంతకన్నా కాదని యమునకి ఆ మూలుగు వినగానే తెలిసిపోయింది. కానీ ఆ ఇంట్లో పెద్దవాడు తేల్చేసినదాన్ని కాదనడానికి ఆమెకి నోరు లేదు. పదకొండేళ్ళలో చినమావతో కూడా ఒక్క మాట మాట్లాడి ఎరగదు.

ముసలాయన్ని వెనక సీట్లో కూర్చోబెట్టగానే యమున ఆటోకి ఎదురెళ్ళి అడ్డంగా నిలబడింది. దూడ వైపు తిరిగింది.

"గవరీ, సిన్నమావకి సెప్పు. ముందు పాతపట్నం ఆసుపత్రి. ఆ తరవాత ఎక్కడికైనా నానే తీసుకెల్తాను. లేదంటే ఈ బండి నా మీంచి ఎల్లాల."

జగన్నాధం మొహం ఎర్రబడింది. కోడలికి సమాధానం చెప్పకూడదు, ఆమె తనతో మాట్లాడలేదు. దూడకి సమాధానం చెబితే ఎల్లాజీ నవ్వుతాడు. ఎల్లాజీ అప్పటికే బండి పాతపట్నం వైపు తిప్పుతున్నాడు. జగన్నాధం గొణుక్కుంటూ ముందు సీట్లో ఎక్కాడు. వెనక ముసలాయన, పక్కన యమున. మామగారి పక్కన కూర్చోవడం ఆమెకి అదే మొదలు.

పాతపట్నం ఆరు కిలోమీటర్లు. ఆ ఆరు కిలోమీటర్లూ గోతులే. ఒక్కో గోతికి ముసలాయన పళ్ళు బిగించి కళ్ళు మూసుకుంటున్నాడు. ఊరు రెండు కిలోమీటర్లుందనగా రైలు గేటు పడింది. గుణుపురం వెళ్ళే బండి ఇంకా రాలేదు. ఎల్లాజీ దిగి పట్టాల వంక చూస్తున్నాడు. జగన్నాధం కూడా దిగి అటూ ఇటూ తిరుగుతున్నాడు. ఆటో పక్కనే కాలవ, నిండా గుర్రపుడెక్క.

బొడ్లో సీసా గుచ్చుకుంటోంది. ఎవరూ చూడటం లేదు. ఒక్క విసురు విసిరితే గుర్రపుడెక్క కిందికి పోతుంది. అప్పుడు మందూ లేదు, తెచ్చినవాళ్ళూ లేరు. దగ్గొచ్చింది, మతి తప్పింది, ముసలితనం, అంతే. యమున సీసా బయటికి తీసింది. చెయ్యి ఆటో బయటికి చాచింది కూడా.

అప్పుడు ముసలాయన ఆమె రెండో చెయ్యి పట్టుకున్నాడు. కళ్ళు ఎటో చూస్తున్నాయి. గొంతు పొడిబారి గుసగుసలా వచ్చింది. "నీలేణీ, కడుపు పగిలిపోతన్నాదే. ఎవులికి సెప్పుకోనే?"

ఎవరికి చెప్పుకుంటాడు? దూడకి చెప్పుకోవాలా? యమునకి ఏడుపు తన్నుకొచ్చింది. ఆయన చెయ్యి కాలిపోతోంది, ఎండిపోయిన చెయ్యి, ఒక్క చెమట చుక్క లేదు. ఆమె చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది. సీసా ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులతోనూ ఆయన చెయ్యి పట్టుకుంది. తనని చంపుకు తిననీ, కొట్టనీ, ముందు ఈయన బతకాలి అనుకుంది. రైలు వెళ్ళిపోయింది, గేటు లేచింది.

ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్న డాక్టరు పద్మజ. నలభై దాటిన మనిషి, మాట తక్కువ, చేతులు వేగం. ముసలాయన్ని బల్ల మీద పడుకోబెట్టి, బొడ్డు కింద చెయ్యి పెట్టి నొక్కి చూసింది. ఆయన కెవ్వున అరిచాడు. డాక్టరు మొహం మారింది. ఒంటేలుకి ఎప్పుడు వెళ్ళారని అడిగింది.

జగన్నాధం తనకేం తెలుస్తుందన్నాడు. యమున తల దించుకుంది. డాక్టరు ముసలాయన్నే అడిగింది. ఆయన గోడకి తిరిగి పడుకున్నాడు. ఆడడాక్టరు, పక్కన కోడలు. మతి సగం తప్పినా సిగ్గు మాత్రం తప్పలేదు మహానుభావుడికి.

డాక్టరు యమున వంక చూసింది. "ఎన్ని గంటలైందో తెలియాలమ్మా. ఒంటేలు సంచి ఉబ్బి బొడ్డుదాకా వచ్చేసింది. రోజు దాటితే కిడ్నీల మీద పడుతుంది. మీరు అడగండి, చెప్తారేమో."

యమున బల్లకి అవతలి వైపు వెళ్ళింది. గోడకీ బల్లకీ మధ్య జానెడు జాగా. అందులో ఇరుక్కుని, మోకాళ్ళ మీద కూర్చుని, మామగారి మొహానికి తన మొహం ఎదురుగా పెట్టింది. జగన్నాధం ఊపిరి బిగపట్టాడు. పదకొండేళ్ళు నోరు దాచుకున్న ఆ ఇంటి కోడలు మామగారితో మొట్టమొదటిసారి ఒక మాట మాట్లాడింది. ఆ మాట ఇది.

"మావా, ఒంటికి ఎప్పుడెల్లినావు?"

ముసలాయన కళ్ళు ఆమె మీద నిలిచాయి. ఆ క్షణాన ఆయన నీలవేణిని చూడటం లేదు, ఎదురుగా ఉన్నదెవరో తెలిసింది. కళ్ళవెంట నీళ్ళు కారాయి.

"నిన్న మజ్జానం. అన్నం తినీ ముందు. అంతే. మరి రాలేదమ్మా."

నిన్నటి మధ్యాహ్నం. దగ్గర దగ్గర ఇరవై నాలుగు గంటలు. రాత్రి గడియ చప్పుడు వినిపించలేదంటే హాయిగా నిద్రపోవడం కాదు. తీసి వెళ్ళినా లాభం లేదని తీయలేదు. పైన మూడు బొండాలు, చెంబుడు సబ్జా నీళ్ళు, మజ్జిగ, అన్నీ తనే పోసింది. దారి మూసుకుపోయిన చెరువులోకి కాలవ తిప్పినట్టయింది.

ఏ మందులు వాడారని డాక్టరు అడిగింది. జగన్నాధం చటుక్కున ఏ మందూ లేదన్నాడు, అన్నకి చిన్నప్పటినుంచి మందులంటే పడదన్నాడు. యమున లేచి నిలబడి సీసా బల్ల మీద పెట్టింది. జగన్నాధం చూపు ఆమెని కాల్చేస్తోంది. అయినా చెప్పింది. "సోమవారం నానే కొన్నాను డాక్టరుగారూ. ఒంటేలు ఇబ్బంది ఉందా అని షాపాయన అడిగినాడు. ఉన్నాదని తెలిసీ లేదన్నాను. సిగ్గేసి లేదన్నాను."

డాక్టరు సీసా వెనక అక్షరాలు చదివింది. తిట్టలేదు. ఇంకేమైనా వేసుకున్నారా అని మాత్రం అడిగింది. యమునకి తెలిసి ఇంకేమీ లేదు. అప్పుడు బల్ల మీద ముసలాయన చెయ్యి కదిలింది. మొలలో తడుముకుని, మడత పెట్టిన మాత్రల రేకు తీసి ఇచ్చాడు. పదింటిలో రెండు మిగిలాయి. కిరాణాకొట్లో అడగ్గానే ఇచ్చే జలుబుమాత్రలు. ఎప్పుడో దాచుకున్నవి, పొద్దున్నొకటీ సాయంత్రమొకటీ మింగుతున్నాడు. మరి సిరప్పు ఎంత తాగారంటే, చేత్తో ఫ్లాస్కు మూత కొలత చూపించాడు. ఆ బుల్లి మూతలో తాగడానికి తనేమైనా పాలు తాగే గుంటడా? దగ్గొచ్చినప్పుడల్లా ఫ్లాస్కు మూత అడుగు మునిగేలా పోసుకున్నాడు.

సీసాలోనూ రేకులోనూ ఉన్నది ఒకే మందు, పేర్లు వేరంతే అంది డాక్టరు. ఆ వయసులో మగవాళ్ళకి ఒంటేలు సంచి కింద గ్రంథి ఉబ్బి ఉంటుంది, రాత్రుళ్ళు పదే పదే లేవడం దాని గుర్తే. ఈ మందు ముక్కునీ నోటినీ ఎండబెట్టడమే కాదు, సంచిని పిండుకోనివ్వదు, దారిని బిగించేస్తుంది. మొహం కందడం, గాలిలో దారాలు లాగడం, పోయినవాళ్ళు కనపడటం అన్నీ ఆ మందు ఎక్కువైన పనే. గాలీ కాదు, వేడీ కాదు. ఇదంతా ఆమె గ్లవ్స్ తొడుక్కుంటూనే చెప్పింది. చెప్పి తెర లాగేసింది.

యమున బయట బెంచీ మీద కూర్చుంది. తెర వెనక ఇనప గిన్నె చప్పుడు, ముసలాయన మూలుగు, డాక్టరు గొంతు. తర్వాత కాసేపు ఏమీ లేదు. ఆ కాసేపట్లో ఆమె ఎంతమంది దేవుళ్ళకి మొక్కుకుందో ఆమెకే తెలియదు. ఆ తర్వాత గొట్టంలోంచి ప్లాస్టిక్ సంచిలోకి ఒంటేలు దిగుతున్న సన్నటి చప్పుడు, దాని వెంట ముసలాయన నోట్లోంచి "అమ్మయ్యా" అనే పొడుగాటి నిట్టూర్పు. ఒక్కసారిగా కాకుండా ఆపి ఆపి తీశారు. లీటరున్నర పైచిలుకు వచ్చిందని డాక్టరు బయటికొచ్చి చెప్పింది. కిడ్నీల సంగతి రక్తపరీక్షలో తేలాలి. ఇంకో పూట ఆలస్యమైతే శ్రీకాకుళం పంపినా ఏమయ్యేదో చెప్పలేను అంది. ఆ మాట అంటూ జగన్నాధం వంక చూడలేదు గాని, ఆయనే తల తిప్పుకున్నాడు.

సాయంత్రం రక్తపరీక్ష కాగితం వచ్చేదాకా యమున మంచినీళ్ళు కూడా ముట్టలేదు. కిడ్నీలకి కొంచెం దెబ్బ తగిలింది, తేరుకుంటాయి అని డాక్టరు చెప్పాక ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. అప్పటికి నరేష్ ఫోను చేశాడు, బస్సెక్కానన్నాడు.

ఏడ్చి లోపలికొచ్చేసరికి జగన్నాధం మంచం పక్కన నిలబడి, చూడ్డానికొచ్చిన ఊరివాళ్ళిద్దరికి సంగతి చెప్తున్నాడు. సిగ్గు పోవాలంటే నేరం ఇంకొకరి మీద పెట్టాలి కదా. కోడలే తెచ్చిందంట, షాపులో అబద్ధమాడిందంట, చంపేసేదే అన్నాడు. యమున గుమ్మంలోనే ఆగిపోయింది. జగన్నాధం అన్న మాటల్లో ఒక్కటీ అబద్ధం కాదు. ఏమని కాదంటుంది?

మంచం మీంచి ముసలాయన గొంతు వినిపించింది. నీరసంగా ఉంది గాని మతి తప్పిన గొంతు కాదు.

"ఒరే జగన్నాధం. మందు తెచ్చింది అదే. మింగింది నాను. మూడు రెట్లు మింగింది నాను, నొప్పెట్టినా నోరిప్పనోణ్ణి నాను. నన్ను దెయ్యాల కాడికి మోసుకుపోబోయింది నువ్వు. అడ్డం పడింది అదొక్కతే. ఇంకొక్క మాటన్నావంటే ఈ గొట్టంతోటే లేచి వస్తాను."

ఊరివాళ్ళిద్దరూ పళ్ళు తెచ్చిన సంచీ పెట్టేసి వెళ్ళిపోయారు. జగన్నాధం అన్న దుప్పటి సరిచేసి, టీ తెస్తానని బయటికెళ్ళాడు. తెచ్చినప్పుడు మూడు గ్లాసులు తెచ్చాడు. మూడోది బెంచీ మీద, యమున పక్కన పెట్టాడు.

రెండో రోజుకి నోరెండడం తగ్గింది, దారాలు లాగడం ఆగింది. మగత పూర్తిగా విడిచేదాకా ఒంటరిగా నడవనివ్వొద్దన్నారు, మొదటి రాత్రికే వచ్చేసిన నరేష్ చెయ్యి పట్టి నడిపించాడు. ఆరో రోజున గొట్టం తీసి, సొంతంగా వెళ్ళగలుగుతున్నాడని చూశాక ఇంటికి పంపారు. గ్రంథికి రోజూ ఒక మాత్ర రాశారు. పంపేముందు డాక్టరు యమునని కూర్చోబెట్టి మాట్లాడింది. జలుబుకీ దగ్గుకీ కొట్లో ఏది కొన్నా, రాత్రి ఎన్నిసార్లు లేస్తారో ముందు చెప్పాలంది, సిగ్గుపడితే మనిషి పోతాడంది. ఒకసారికి ఒకటే మందు, దానితో వచ్చిన మూతే కొలత. ఒంటేలు ఆగితే నీళ్ళు తాగించొద్దు, మందాపి సీసాతో సహా పరిగెత్తుకు రావాలి. దగ్గుకి గోరువెచ్చటి నీళ్ళలో తేనె చాలు, కళ్ళానికి వెళ్తే ముక్కుకి గుడ్డ కట్టుకోవాలి, రెండు వారాలు దాటినా తగ్గకపోతే తీసుకురావాలి. యమున అంతా విని, ఒకసారి తిరిగి ఒప్పజెప్పింది. ఈసారి ఒక్క ముక్క కూడా వదల్లేదు.

ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున్న ముసలాయన అరుగు మీద ఎండకి కూర్చున్నాడు. గవరి దగ్గరగా వచ్చి మెడ చాచింది. యమున తేనెనీళ్ళ గ్లాసు తెచ్చి అరుగు మీద పెట్టింది. రెండేళ్ళ అలవాటు, అంత తొందరగా పోతుందా? చూపు దానంతటదే దూడ వైపు తిరిగింది.

"గవరీ..."

"దాన్నొగ్గీ," అన్నాడు ముసలాయన. "దానికేటి తెలుస్తాది? నాకు సెప్పు."

యమున కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏం చెప్పాలో ముందే అనుకుని వచ్చింది, తేనె ఎన్ని చెమ్చాలో, మాత్ర ఎప్పుడో. అవన్నీ ఎటో పోయాయి. నోటికి వచ్చింది వేరే మాట.

"రేత్రి గడియ నాలుగుసార్లు తీసినావు మావా."

ముసలాయన గ్లాసు ఎత్తబోయి ఆగాడు. ఆమె వంక చూశాడు.

"లెక్కెట్టినావేటి?"

"ఎట్టినాను. రేపూ లెక్కెడతాను."

ఆయన తల దించుకుని దూడ మెడ నిమిరాడు. తర్వాత తేనెనీళ్ళు తాగి, ఖాళీ గ్లాసు అరుగు మీద పెట్టకుండా, కోడలి చేతికిచ్చాడు.